అమ్మ అరికాళ్ళు చూసినవాళ్ళు

పొద్దున పేపరు మొదటి పేజీ తిప్పకముందే నా మణికట్టు మీద చిన్న వణుకు పుట్టింది. వణికింది నేను కాదు, గడియారం. చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, ఇక లేవండి అని దాని భావం. మా కోడలు ఈమధ్య ఇంటిల్లిపాదికీ ఇలాంటి గడియారాలు తెప్పించి, అందరి ఫోన్లనూ కలిపి ఒక గ్రూపు చేసి, దానికి ‘మనింటి ఆరోగ్యం’ అని పేరు పెట్టింది. లేవగానే గోరువెచ్చని నీళ్ళు, ఆ తరువాత నాలుగు ఆసనాలు, టిఫినుకు ముందు నడక, రాత్రి అన్నాలయ్యాక ఫోన్లన్నీ టీవీ పక్కనున్న బుట్టలో పడెయ్యడం. ఉద్యోగాల ఇళ్ళలో ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి చేసేది కొంచెమే అయినా రోజూ చెయ్యాలన్నది ఆమె సిద్ధాంతం. సిద్ధాంతంలో తప్పేమీ లేదు. నాకు అనుమానమంతా ఆ గడియారం మీదే.

మొన్న ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం దాకా షేర్ ఆటోలో వచ్చాను. ఆ దారిలో ఆటో ఎక్కితే ఎముకలు ఎలా కదులుతాయో ఇటువైపువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తీరా ఇంటి ముందు దిగేసరికి, ఈ రోజు మీరు అద్భుతంగా నడిచారు అని గడియారం నన్ను మెచ్చుకుని, తన బుల్లి తెరమీద రంగురంగుల కాగితం ముక్కలు కూడా చల్లింది. కూర్చుని వచ్చినవాణ్ణి నడిచావని పొగిడే వస్తువును ఎంతవరకు నమ్మాలి? ఆ మాటే అంటే మా ఆవిడ, ‘‘మీకు అనుమానం పుట్టుమచ్చ లెక్క. పుట్టుకతోనే వచ్చింది, కాటికి పోయేదాక పోదు’’ అన్నది. అది పూర్తిగా నిజం కాదు. నాకు అనుమానం పుట్టుకతో రాలేదు, చదువుతో వచ్చింది.

నేను పదో తరగతితో బడి మానేసి ఫ్యాక్టరీలో చేరినవాణ్ణి. మిగిలిన చదువంతా ఉప్పల్‌లోని గ్రంథాలయంలోనే జరిగింది. షిఫ్టు దిగి సైకిల్ మీద అటు పోతే, పంకా కింద కుర్చీ దొరికిన రోజు పండగ. చరిత్ర, ఖగోళం, ఇంటివైద్యం, అపరాధ పరిశోధన నవలలు, ఏది చేతికందితే అది చదివాను. అలా చదవగా చదవగా ఒక నియమం పెట్టుకున్నాను. ఒక పుస్తకం చెప్పినదాన్ని రెండో పుస్తకం కూడా చెబితేనే నమ్మాలి. మనుషులు చెప్పినదాన్ని కళ్ళతో చూస్తే తప్ప నమ్మకూడదు. మా ఫ్యాక్టరీ దోస్తులు నన్ను లైబ్రరీ అని పిలిచేవారు. వాళ్ళు వెక్కిరింతకే అన్నారు, నేను మాత్రం బిరుదుగానే తీసుకున్నాను.

అప్పట్లో మేము నాచారంలో రేకుల కప్పున్న రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్న ఊళ్ళో ఉండగానే పోయాడు. ఉన్న కాస్త చెలక కౌలుకిచ్చి అమ్మను మా వెంట తెచ్చుకున్నాం. అన్నయ్యది ఒక ఫ్యాక్టరీ, నాది ఇంకొకటి, వదిన మందుల డబ్బాలు ప్యాకింగ్ చేసే చోట పని చేసేది. ముగ్గురివీ మూడు రకాల షిఫ్టులు, పైగా వారం వారం మారేవి. ఒకరు పళ్ళు తోముకుంటుంటే ఒకరు అన్నం తినేవారు, ఒకరు ముసుగుతన్ని నిద్రపోయేవారు. పొయ్యి మాత్రం ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. అమ్మ అందరికీ వడ్డించేది. ఆమె ఎప్పుడు తినేదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ టైంకు మాలో ఎవరో ఒకరు బయట, మిగిలినవాళ్ళు నిద్రలో.

అలాంటి రోజుల్లో అమ్మకు షుగర్ బయటపడింది. కార్మికుల దవాఖానాలో డాక్టరు గోళీలు రాసి, టైంకు తినాలి, రోజూ నడవాలి, కాళ్ళు తడిలో నాననివ్వొద్దు, కాలికి దెబ్బ తగిలితే తెలియదు కాబట్టి జాగ్రత్త అని మరీ మరీ చెప్పాడు. మిగతావి ఎలా ఉన్నా ఆ కాలి మాట వినగానే మా అందరికీ మేనత్త గుర్తొచ్చింది. ఊళ్ళో ఆమెకూ ఇదే జబ్బు. మడమ మీద లేచిన చిన్న పొక్కును ఎవరూ పట్టించుకోకపోతే, అది పెరిగి పెరిగి చివరికి మోకాలి కింది దాకా కాలు తీసేశారు. ఆమెకు ఆఖరిదాకా చాకిరీ చేసింది అమ్మే. దవాఖానా మెట్లు దిగుతూ, ‘‘నన్ను గట్ల మంచంల పడెయ్యకున్రి బిడ్డా, గంతకంటె పాణం పోయినా మంచిదే’’ అన్నది. అమ్మ ఏదీ అడగని మనిషి. ఆ ఒక్కటే అడిగింది.

దాంతో అమ్మ ఆరోగ్యం బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. రెండు పుస్తకాలు తిరగేసి, రెండూ ఒప్పుకున్న సంగతులు మాత్రమే ఏరి, మా ఇంటికి ఒక దినచర్య తయారు చేశాను. పొద్దున నడక, తరువాత జొన్న రొట్టె, మధ్యాహ్నం అన్నం తక్కువ కూర ఎక్కువ, రోజూ అరికాళ్ళు చూసుకోవడం. అమ్మ అంతా విని తల ఊపింది. అదే నా మొదటి అనుమానం. మా అమ్మ దేనికీ అంత తొందరగా తల ఊపే మనిషి కాదు.

మర్నాటి నుంచే అమ్మ నడకకు బయలుదేరింది. గుర్తు చెయ్యనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. పొయ్యి మీద పని కాగానే కొంగు నడుముకు చుట్టి వెళ్ళిపోయేది. పోయిన మనిషి ఎండ ముదిరాక గానీ వచ్చేది కాదు. వచ్చేటప్పుడు మొహం కళకళలాడుతుండేది. ఎక్కడిదాకా పోయావమ్మా అంటే, ‘‘గట్లనే, జర అటు దాక’’ అనేది. అటు అంటే ఎటు?

అపరాధ పరిశోధన నవలలు చదివినవాడికి ఆనవాళ్ళు వాటంతట అవే కనిపిస్తాయి. అమ్మ చీర కుచ్చిళ్ళు తడిసి ఉండేవి. అరికాళ్ళు నీళ్ళలో నానినట్టు తెల్లగా పాలిపోయి ఉండేవి. చేతుల నుంచి మా ఇంట్లో వాడని బట్టల సబ్బు వాసన వచ్చేది. ఒకరోజు స్టీలు డబ్బాలో మామిడికాయ తొక్కు తెచ్చింది. అది మా ఇంటి తొక్కు కాదు, అందులో మెంతిపొడి ఎక్కువ. ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు ఒకటే అర్థం తోచింది. అమ్మ ఎవరి ఇంట్లోనో పాచిపని చేస్తోంది. తడిలో కాళ్ళు పెట్టొద్దని డాక్టరు చెప్పాడని తెలిసి కూడా, ఇద్దరు కొడుకులు సంపాదిస్తుండగా, మాకు బరువు కాకూడదని బట్టలు ఉతకడానికి పోతోంది.

ఆ వారం నాది రాత్రి షిఫ్టు. పొద్దున దిగి, ఇంటికి పోకుండా, అమ్మ రోజూ మలుపు తిరిగే వెనక సందులోకి సైకిల్ తిప్పాను. రెండంతస్తుల ఇల్లొకటి, ముందర పెద్ద వాకిలి, వాకిట్లో బండల మీద అమ్మ. చీరను కచ్చ పోసుకొని, బొంతను కాళ్ళతో తొక్కుతోంది. నురగ పాదాల మీదుగా పారుతోంది. నాకు ఆమె చెయ్యి కనబడలేదు, మొహం కనబడలేదు, ఆ నురగలోని రెండు పాదాలే కనబడ్డాయి. పక్కన ఇంకెవరో ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి గానీ నేను ఆగలేదు. నలుగురిలో పరువు తీయడం ఎందుకని నేరుగా ఇంటికి వచ్చి అన్నయ్యను లేపాను.

అన్నయ్యది నాలాగా రెండో పుస్తకం కోసం ఆగే స్వభావం కాదు. అమ్మ గుమ్మంలో కాలు పెట్టిందో లేదో, ‘‘ఇద్దరు కొడుకులం బతికే ఉన్నంగదనే! ఎవ్వలింట్ల పాచిపనికి పోతున్నవ్? నలుగురు వింటె మా మొకాన ఉమ్మెయ్యరా?’’ అని అరిచాడు. వదిన గరిటెతోనే బయటికి వచ్చింది. అమ్మ ముందు నా వైపు, తరువాత అన్నయ్య వైపు చూసి, గుమ్మంలోనే కూర్చుంది.

‘‘పాచిపని గాదురా పిచ్చోడా, బదులుకు పోతున్న’’ అన్నది.

బదులు అంటే మా పల్లెల్లో పుట్టినవాళ్ళకు వేరే చెప్పాల్సిన పని లేదు గానీ, పట్నంలో పెరిగిన పిల్లలు చదువుతారేమోనని చెబుతున్నాను. కూలి తీసుకుని పనికి పోతే అది కైకిలి. కలుపు తీసే రోజుల్లో ఈ రోజు మీ చేనుకు మేమంతా వస్తాం, ఎల్లుండి మా చేనుకు మీరంతా రండి అనుకుంటే అది బదులు. డబ్బు మాట ఉండదు. కడుపుతో ఉన్నామె వచ్చి గట్టు మీద కూర్చుని పాట పాడినా ఆమెది పూర్తి రోజు కిందే లెక్క. ముసలామె సగం సాలే కలుపు తీసినా అంతే. చేతనైనంత చెయ్యడం, రావడం మాత్రం మానకపోవడం, అదొక్కటే కట్టుబాటు. అమ్మ పాతికేళ్ళు ఆ బదుళ్ళలోనే బతికింది.

చేను లేని పట్నంలో బదులేమిటని అన్నయ్య అడిగాడు. మా సందులో, వెనక సందులో ఇలాగే ఊళ్ళు విడిచి వచ్చిన ఆడవాళ్ళు ఇంకో ముగ్గురు ఉన్నారట. ఒకామె గజ్వేల్ వైపు నుంచి వచ్చింది, మాకు చిన్నమ్మ వరుస అవుతుందని అప్పుడే తెలిసింది. నేను చూసిన రెండంతస్తుల ఇంట్లో వెనక గదిలో కిరాయికి ఉండేది ఆమే. ఒకామె జనగామ అత్తమ్మ. మూడో ఆమె నాచారం పాత ఊరి మనిషి, పొలాలు పోయినా ఇంకా రెండు బర్రెలను వదలని అక్క. నలుగురి ఇళ్ళలోనూ మగవాళ్ళు షిఫ్టుల్లో, కోడళ్ళు పనుల్లో. నలుగురూ రోజుకొక ఇంటి పని కలిసి చేసుకునేవారు: బొంతలు ఉతకడం, కారం దంచడం, చింతపండు గింజలు తీయడం, నీళ్ళ ట్యాంకరు వస్తే బిందెలు అందుకోవడం, సంత రోజు ఉప్పల్ దాకా నడిచిపోయి కూరగాయలు తేవడం. పనయ్యాక ఆ ఇంట్లోనే తలా ఒక రొట్టె తినేవారు.

‘‘మరి నాకు ముందుగాల్నే జెప్పరాదే?’’ అన్నాను.

‘‘చెప్తె నువ్వు బుక్కుల జూస్తవు. బుక్కుల బదులు ఉంటదారా?’’ అన్నది అమ్మ. నిజం చెప్పాలంటే లేదు. నేను తరువాత వెతికి కూడా చూశాను.

కానీ తడి తడే కదా. ఏ పేరుతో తొక్కినా నీళ్ళు నీళ్ళే కదా. ఆ విషయంలో నేను, అన్నయ్య ఒక్కటై, బదులు బంద్ అన్నాం. అమ్మకు కోపం వచ్చింది. లోపలికి పోయి, మర్నాటి నుంచి నేను చెప్పినట్టే ఒంటరి నడక మొదలుపెట్టింది. లారీల దుమ్ములో బస్టాపు దాకా పోయి, మళ్ళీ వెనక్కి రావడం. అంతదూరమైనా పోతోందా అని నాకు అనుమానమే. చెప్పులకు అంటిన దుమ్ము చూస్తే సందు చివర దిమ్మె మీద కూర్చుని వస్తున్నట్టు ఉండేది. అన్నం ఎప్పుడు తింటోందో మళ్ళీ ఎవరికీ తెలియకుండా పోయింది. గిన్నెలో అడుగున మిగిలింది ఏ వేళ దొరికితే ఆ వేళ. మొహంలో కళ పోయింది. దినచర్య మాత్రం పుస్తకంలో ఉన్నట్టు తప్పు లేకుండా నడుస్తోంది, అందరం అలాగే అనుకున్నాం.

ఒకరోజు రాత్రి షిఫ్టు దిగి వచ్చి పడుకున్నాను. ఎండ పొడ తలుపు మీద పడే వేళకు వాకిట్లో గిన్నెల చప్పుడు, నవ్వులు, ఒకటే సందడి. లేచి చూస్తే ముగ్గురు ఆడవాళ్ళు మా ఇంటి బొంతలన్నీ బయటికి లాగి కుప్ప పోశారు. జనగామ అత్తమ్మ నన్ను చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

‘‘ఏమయ్యా లైబ్రరీ సారూ, అమ్మను ఇంట్ల పెట్టి తాళమేసినవా? మీ అమ్మ మా ఇండ్లల్ల అందరి బొంతలు తొక్కింది. ఇగ మీ ఇంటిది మిగిలింది. నువ్వు రమ్మన్నా వద్దన్నా మేం జేసి పోతం. బదులు ఉంచుకుంటె మాకు నిద్ర వట్టదు.’’

‘‘అమ్మ తడిల కాళ్ళు పెట్టద్దు’’ అన్నాను, నిద్రమత్తులోనే.

‘‘అబ్బో, పెద్ద డాక్టరొచ్చిండే! పెట్టదు తియ్. పీట మీద కూసుండవెడ్తం, మా మొకాలు సూసుకుంట తిట్టుమను. అదే ఆమె పని’’ అని గజ్వేల్ చిన్నమ్మ అమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి, నీళ్ళు రాని మూలకు పీట వేసి, కాళ్ళు చాపి కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి, వంగి, అక్కడే ఆగిపోయింది.

‘‘ఇదేందక్కా?’’

అమ్మ కుడి అరికాలి మీద, బొటనవేలి కింద, నల్లగా ఒక మచ్చ. దాని చుట్టూ వాపు. బర్రెల అక్క చెప్పు తెచ్చి తిరగేసి చూస్తే, చెప్పులు కుట్టించినప్పుడు కొట్టిన మేకు ఒకటి లోపలికి పొడుచుకుని వచ్చి ఉంది. ఒంటరి నడకలో ఎన్నాళ్ళ నుంచి పొడుస్తోందో తెలియదు. అమ్మకు నొప్పే తెలియలేదు. తెలియదని డాక్టరు ముందే చెప్పాడు. అమ్మ తన కాలు వంక చూడలేదు, నా వంక చూసింది. ఆ చూపులో మా మేనత్త మంచం కనిపించింది నాకు.

సైకిల్ వెనక అమ్మను కూర్చోబెట్టుకుని తొక్కాను. సైకిల్ పక్కనే జనగామ అత్తమ్మ కొంగు దోపుకుని ఉరుకులాంటి నడకతో దవాఖానా దాకా వచ్చింది. డాక్టరు శుభ్రం చేసి, లోపల ఎముకకు చేరలేదు, ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసి ఉంటే వేలు తీయాల్సి వచ్చేది, ఎవరు చూశారు అని అడిగాడు. అత్తమ్మ ముందుకు వచ్చి, ‘‘మేమే జూసినం సారూ. ఇగ రోజు జూస్తం’’ అన్నది. అమ్మ అప్పుడు ఏడ్చింది.

నేను చదివిన పుస్తకాలు రెండూ తప్పు చెప్పలేదు. రోజూ అరికాళ్ళు చూసుకోవాలని రెండింటిలోనూ ఉంది, నా దినచర్యలోనూ ఉంది. అయితే చూపు ఆనక, వంగితే నడుము పట్టేసే మనిషి తన అరికాలు తాను ఎలా చూసుకుంటుంది, ఆమె ఇంట్లో అందరూ ఒక్కొక్క వేళకు వచ్చి పడి నిద్రపోయేవాళ్ళయితే ఎవరు చూస్తారు అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరో ఒకరు చూస్తారులే అనుకుని రాసినట్టున్నారు.

ఆ పుండు మానడానికి చాలా రోజులు పట్టింది. మానిన తరువాత బదులు మళ్ళీ మొదలైంది, ఈసారి మా అందరికీ తెలిసే. అమ్మ తడిలో దిగదు. దంచడం, చెరగడం, రొట్టె కొట్టడం ఆమె వంతు. నలుగురూ పని మొదలుపెట్టే ముందు ఆ రోజు ఎవరి ఇల్లయితే ఆ ఇంటి అరుగు మీద వరుసగా కూర్చుని కాళ్ళు చాపేవారు. షుగర్ ఉన్నది అమ్మ ఒక్కదానికే గానీ చూసుకునేది మాత్రం నలుగురి కాళ్ళూ. ఒకరి పాదం ఒకరు ఒళ్ళో పెట్టుకుని, పగుళ్ళు చూసి, ముల్లుంటే తీసి, వెక్కిరించుకునేవారు. ‘‘నీ కాలు ఏనుగుదే, నా ఒడి ఇరుగుతది’’ అని చిన్నమ్మ అంటే, ‘‘నీ మడిమె పగుళ్ళల్ల మా బర్రె దూరుతది’’ అని అక్క అనేది. షిఫ్టుకు పోతూ ఆ అరుగు ముందు సైకిల్ ఆపి, నేను రోజూ తొంగిచూసేవాణ్ణి. నమ్మకం లేక కాదు; కళ్ళతో చూడటం నా నియమం.

అది ఏళ్ళ తరబడి సాగింది. ఎవరూ గంట కొట్టలేదు, ఎవరూ గుర్తు చెయ్యలేదు. ఒకామె రాకపోతే మిగిలిన ముగ్గురూ ఆమె గుమ్మంలో ఉండేవారు. రాకుండా ఉండటమే ఎక్కువ కష్టం, అంతే దాని రహస్యం. ఆ తరువాత ఒక్కొక్కరే ఇళ్ళు మారారు, కొందరు నాగారం వైపు సొంత ఇళ్ళు కట్టుకున్నారు, మా సందులోని ఫ్యాక్టరీల్లో కొన్ని మూతపడి అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. అమ్మ నిండు వయసులో, తన రెండు కాళ్ళతో పోయింది. ఆఖరి స్నానం చేయించేటప్పుడు గజ్వేల్ చిన్నమ్మ అలవాటుగా అమ్మ అరికాళ్ళు రెండూ ఎత్తి చూసి, ‘‘మంచిగున్నయ్ అక్కా’’ అన్నది.

ఇప్పుడు మేమున్న అపార్టుమెంటు ఆ పాత రేకుల ఇళ్ళకు ఎంతో దూరం కాదు. మా కోడలు మంచి పిల్ల. ఇంటిని, ఆఫీసును, పిల్లను ఒంటిచేత్తో లాక్కొస్తూ కూడా రోజూ పొద్దున నడుస్తుంది. పోయిన వారం ఆమె కాస్త కుంటుతున్నట్టు అనిపించింది. కాలు చూపించమ్మా అని మామగారు అడిగితే బాగుండదని మా ఆవిడ చెవిలో వేశాను. ‘‘మీకు మళ్ళ అనుమానమా?’’ అని విసుక్కుంటూనే పోయి చూసింది. కొత్త బూట్లు కొరికి మడమ చర్మం లేచిపోయి ఉంది. దాని మీదే రోజూ నడుస్తోంది. రోజూ గడియారం శభాష్ అంటోంది. మా ఆవిడ కొబ్బరినూనె రాసి గుడ్డ కడుతుంటే ఆ పిల్ల, ‘‘వద్దత్తమ్మా, నా కాళ్ళు మీరు పట్టుకునుడేంది’’ అని సిగ్గుతో ముడుచుకుపోయింది. అయినా కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రం నేను మెట్ల దారిలో ఒక్కో అంతస్తూ దిగుతూ వచ్చాను, గడియారం మెప్పు కోసం కాదు. ప్రతి అంతస్తులోనూ తలుపులన్నీ వేసే ఉన్నాయి. గుమ్మాల ముందు ఖరీదైన నడక బూట్లు మాత్రం వరుసగా ఉన్నాయి. ఆ తలుపుల వెనక ఎవరి మడమ ఎలా ఉందో నాకు తెలియదు, నాది వాళ్ళకు తెలియదు. ఒకప్పుడు అమ్మ ఎవరి ఇంటికి పోతోందోనని అనుమానంతో సైకిల్ వేసుకుని వెంటపడ్డాను. ఇప్పుడు ఆ సుఖం కూడా లేదు. అనుమానించడానికైనా ఎవరూ ఎవరి ఇంటికీ పోవడం లేదు.